నా పళ్ళ మీది గోధుమరంగు గీతలు: ఏడో తరగతి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మొన్న నేను మీ బడికి వచ్చినప్పుడు మూడో బల్ల మీది అమ్మాయి, “తాతగారూ, మీ పళ్ళ మీద ఆ గోధుమరంగు గీతలేమిటి?” అని అడిగింది. పక్కనున్న పిల్ల ఆమె చెయ్యి గిల్లింది. ఇంతలో గంట కొట్టారు, జవాబు చెప్పలేకపోయాను. ఆ అమ్మాయిని ఎవరూ కోప్పడకండి. నా చిన్నప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మా వీధిలో అందరి పళ్ళూ అలాగే ఉండేవి మరి.

మాది కనిగిరి తాలూకాలో చిన్న ఊరు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా మేము నెల్లూరు జిల్లావాళ్ళం. పడమటి వీధివాళ్ళు చెరువు కట్ట కింది ఊటబావి నీళ్ళు తాగేవాళ్ళు. మా తూర్పు వీధికి అది దూరం. మాకు బండరాయి తొలిచి తవ్విన చేదబావి ఉండేది. చెరువు బావి నీళ్ళు వానాకాలంలో కాస్త మట్టిరంగుకు తిరిగేవి. మా బావి నీళ్ళు ఏడాది పొడవునా తేటగా, చల్లగా ఉండేవి. ఊళ్ళో మావే మంచినీళ్ళని మా అమ్మ గర్వంగా చెప్పుకునేది.

పడమటి వీధి పిల్లల పళ్ళు తెల్లగా ఉండేవి. మావి ఇలా ఉండేవి. మా నాయనకు యాభై ఏళ్ళు రాకముందే నడుము బిగుసుకుపోయింది. మెడ తిరిగేది కాదు. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చేది. వాతం అన్నారు, పొలం పని అన్నారు. ఎవరూ బావిని అనుమానించలేదు.

ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వస్తుంది. మన దేశంలో దీన్ని వైద్యులు మొదటిసారి 1937లో వైద్యపత్రికలో నమోదు చేశారు. ఆ నమోదు నెల్లూరు జిల్లా నుంచే. అంటే నేను పుట్టకముందే కొందరికి సంగతి తెలుసు. అయినా ఆ మాట మా ఇంటి దాకా రాలేదు, మా నాయన ఆ నీళ్ళే తాగారు. సైన్సు మాస్టారు ఉద్యోగానికి చదువుకుంటున్నప్పుడు పుస్తకంలో ఈ విషయం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ ఫ్లోరైడ్‌ను బావిలో ఎవరూ కలపలేదు. మన కాళ్ళ కింది రాళ్ళలో, ముఖ్యంగా నల్ల అభ్రకంలో, మరికొన్ని ఖనిజాల్లో అది మొదటినుంచీ ఉంది. వాన నీరు రాతి పగుళ్ళలోకి దిగి ఏళ్ళ తరబడి అక్కడే ఉంటే కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. నీటిలో సున్నం, అంటే కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి అడుగుకు చేరుతుంది. సున్నం తక్కువై క్షారగుణం ఎక్కువైన నీటిలో మాత్రం కరిగే ఉండిపోతుంది. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాచినా పోదు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ మిగులుతుంది కాబట్టి ఇంకా చిక్కబడుతుంది.

లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకని చోట ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. చిగుళ్ళ లోపల పళ్ళ పింగాణీ తయారవుతున్న వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు, ఎక్కువ ఫ్లోరైడ్ అందితే గీతలు పడతాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు పట్టేస్తాయి. ఇది అంటుకునే జబ్బు కాదు. పళ్ళు మచ్చలు పడిన పిల్లలను వెక్కిరించవద్దు. వాళ్ళు పళ్ళు తోముకోలేదని కాదు, వాళ్ళ ఇంటి నీళ్ళు అలాంటివి.

ఇక మనుషులు చేసినదాని సంగతి. మా చెరువులోకి వాగు నీరు తెచ్చే కాలువ నా కళ్ళ ముందే పూడిపోయింది. కొంత పొలాల్లో కలిసిపోయింది. తూము విరిగింది, చెరువులో తుమ్మ మొలిచింది. కంభంలో గుండ్లకమ్మ నీటిని కొండల మధ్య కట్ట వేసి ఆపిన పూర్వులు కట్టిన చెరువు వందల ఏళ్ళు నిలిచింది. మేము మా ఊరి కాలువలో పూడిక కూడా తీయలేదు. ఆ తప్పు మా తరానిది. చెరువు నిండితే కింది బావుల్లోకి కొత్త నీరు ఊరుతుంది, పాత నీటిలోని ఫ్లోరైడ్ పలచబడుతుంది. నిండటం మానేశాక అందరూ బోర్లు వేశారు. మూడు వందల అడుగుల్లో ఎండితే ఆరు వందలు, అక్కడా పడకపోతే ఇంకా లోతు. లోతుకు పోయేకొద్దీ తరచుగా మనకు దొరికేది రాతితో మరింత కాలం కాపురం చేసిన నీరు.

ఇప్పుడు ఊరూరా క్యాన్ల నీళ్ళ ప్లాంట్లు వచ్చాయి. అవి ఫ్లోరైడ్ తీస్తాయి, నిజమే. కానీ వడకట్టగా మిగిలిన, ఫ్లోరైడ్ చిక్కబడిన నీరు ఎటు పోతోందో ఒకసారి వెళ్ళి చూడండి. మా ఊళ్ళో అది పక్క గుంటలోకే పోతోంది.

వాన నీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మీ బడి కప్పు వంద చదరపు మీటర్లు అనుకుంటే, తుపాను రోజున యాభై మిల్లీమీటర్లు కురిస్తే 5,000 లీటర్లు. అయిదుగురున్న ఇంటికి తాగడానికి, వంటకు రోజుకు పాతిక లీటర్లు చాలు అనుకుంటే అది ఎన్ని రోజులకు వస్తుందో మీరే లెక్క కట్టండి. మొదటి వాన మాత్రం కప్పు కడగడానికి వదిలేయాలి.

వచ్చే శనివారం నీటి పరీక్ష పెట్టె తీసుకుని వస్తాను. అందులోని మందు చుక్కలు వేస్తే నీరు గులాబీరంగుకు వస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువైతే పసుపు వైపు తిరుగుతుంది. ఒక్కొక్కరు మీ ఇంట్లో తాగే నీరు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో తెండి, గాజు సీసా వద్దు. బోరు నీరైతే ఎన్ని అడుగుల లోతో, ఏ సంవత్సరం వేయించారో పెద్దవాళ్ళను అడిగి సీసా మీద చీటీ అంటించండి. నేను మా పాత చేదబావి నీళ్ళు తెస్తాను. మూడో బల్ల అమ్మాయి ముందు దాన్నే పరీక్షించాలి.

మీ
తాత