ఎంత పని ఎత్తుకోవాలి? అజైల్ వెనక ఉన్న పాత ప్రశ్న

రాత్రి 9 గంటలకు స్టాండప్ కాల్, అంటే టీమ్ రోజూ పెట్టుకునే చిన్న సమావేశం. అటు అమెరికా వాళ్లకు పొద్దున, ఇటు మనకు అన్నం వేళ. ఒక్కొక్కరూ నిన్న ఏం చేశారో, ఇవాళ ఏం చేస్తారో గబగబా చెప్పేస్తారు. "బ్లాకర్స్ (పనికి అడ్డంకులు) ఏమైనా ఉన్నాయా?" అని అడిగితే "నో బ్లాకర్స్" అని మ్యూట్ నొక్కేస్తారు. నేను పనిచేసిన ఒక టీమ్‌లో ఏడుగురం ఉండేవాళ్లం. ఒకరోజు బోర్డు మీద 'ఇన్ ప్రోగ్రెస్' కాలమ్ లెక్కపెడితే 19 టికెట్లు, అంటే పని చీటీలు, తేలాయి. ఏడుగురు మనుషులు, 19 పనులు, అన్నీ సగం సగం. మాకు స్ప్రింట్ (ఒకటి రెండు వారాల పని విడత) ప్లానింగ్ ఉంది, విడత చివర వెనక్కి చూసుకునే రెట్రో ఉంది, అందరం ట్రైనింగ్‌కి కూడా వెళ్లొచ్చాం. అయినా ఎవరైనా "ఇంకొక్కటి పడుతుందా?" అని అడిగితే పట్టదని చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండేది కాదు.

సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతల్లో, మార్పులకు తగ్గట్టు తయారుచేసే పద్ధతులను అజైల్ అంటారు. దాని చరిత్ర చదువుతుంటే నాకు అడుగడుగునా కనిపించింది ఈ చిక్కే. ఒక టీమ్ ఎంత పని నెత్తినేసుకోవాలో ఎవరు చెప్పాలి?

చాలామంది ఈ కథను వాటర్‌ఫాల్ అనే పాత మెట్ల పద్ధతితో మొదలుపెడతారు. అంతరిక్ష నౌకల సాఫ్ట్‌వేర్ మీద ఏళ్ల తరబడి పనిచేసిన విన్‌స్టన్ రాయిస్ 1970లో ఒక పత్రం సమర్పించారు. ముందు అవసరాలు, తర్వాత డిజైన్, తర్వాత కోడింగ్, చివర్లో టెస్టింగ్ అని మెట్లు మెట్లుగా బొమ్మ గీశారు. పనిని ఇలాగే నడిపితే ప్రమాదమని కూడా అందులోనే రాశారు. పరిశ్రమ బొమ్మను పట్టుకుని హెచ్చరికను వదిలేసింది. 1985లో అమెరికా రక్షణ శాఖ ప్రమాణం కూడా దాదాపు ఆ మెట్ల పద్ధతికే ముద్ర వేసింది.

ఇంతకంటే నాకు ముఖ్యమనిపించే మలుపు 1990ల రెండో సగంలో వచ్చింది. క్రైస్లర్ కార్ల కంపెనీలో జీతాల లెక్కల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఒకటి నత్తనడక నడుస్తుంటే ప్రోగ్రామర్ కెంట్ బెక్‌ను పిలిచారు. అక్కడ రూపుదిద్దుకున్న పద్ధతికే ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అని పేరు. ఇద్దరు కలిసి కోడ్ రాయడం, ముందే టెస్టులు రాసుకోవడం గురించి అందరికీ తెలుసు. కానీ అందులో ఇంకో రెండు నియమాలున్నాయి. ఒకటి, వారానికి 40 గంటల పని. రెండోది 'నిన్నటి వాతావరణం'. ఇవాళ ఎండా వానా అన్నది చెప్పాలంటే నిన్న ఎలా ఉందో చూసి చెబితే చాలావరకు సరిపోతుంది. అలాగే పోయిన విడతలో ఎంత పని పూర్తయిందో, ఈ విడతలో అంతే తీసుకోవాలి. ఏ పని ముందన్నది వ్యాపారం వాళ్లు చెబుతారు. దానికి ఎంత శ్రమ పడుతుందన్నది పని చేసేవాళ్లు చెబుతారు. ఒకరి మాట ఒకరు లాక్కోకూడదు.

2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్‌లో 17 మంది కలుసుకుని రాసిన అజైల్ మ్యానిఫెస్టో గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. అయితే దాని 12 సూత్రాల్లో ఒకటి, ఎంతకాలమైనా నిలకడగా సాగించగలిగే వేగంతోనే పని జరగాలంటుంది. ఆఫీసు గోడల మీద అతికించే పోస్టర్లలో ఈ ఒక్కటీ పెద్దక్షరాల్లో ఉండాల్సింది.

ఇక ఈ చరిత్రలో మన హైదరాబాద్‌కూ ఒక అధ్యాయం ఉంది. ఇక్కడ రోజూ స్టాండప్‌లు చేసేవాళ్లలోనే చాలామందికి అది తెలియదు.

2004లో మైక్రోసాఫ్ట్ అంతర్గత ఐటీ విభాగానికి హైదరాబాద్‌లో ఒక చిన్న మెయింటెనెన్స్ టీమ్ ఉండేది. ముగ్గురు డెవలపర్లు, ముగ్గురు టెస్టర్లు. చూసుకోవాల్సిన అప్లికేషన్లు 80 దాకా. ప్రక్రియల విషయంలో వాళ్లను వేలెత్తి చూపడానికి లేదు, పని పద్ధతులకు రేటింగ్ ఇచ్చే సీఎంఎంఐలో అన్నిటికంటే పైదైన ఐదో స్థాయి పద్ధతులు. అయినా ఒక మార్పు అడిగితే చేతికి రావడానికి ఐదు నెలలు పట్టేది. వరుసలో 80కి పైగా వినతులు పేరుకుపోయాయి. ఆ విభాగంలో అందరికంటే వెనకబడ్డ టీమ్ అని పేరు.

మేనేజర్‌గా వచ్చిన డ్రాగోస్ డుమిట్రియు, సలహా కోసం సాఫ్ట్‌వేర్ పద్ధతుల నిపుణుడు డేవిడ్ ఆండర్సన్‌ను కలిశారు. ఇద్దరూ పని దారిని మొదటి నుంచీ పరిశీలిస్తే జబ్బు బయటపడింది. వినతి వచ్చిన 48 గంటల్లో దానికి ఎంత శ్రమ పడుతుందో అంచనా పంపాలని నియమం. ఒక్కో అంచనాకు ఒక డెవలపర్‌కీ ఒక టెస్టర్‌కీ ఇంచుమించు ఒక్కో రోజు ఖర్చయ్యేది. టీమ్ సత్తువలో దాదాపు మూడో వంతు అంచనాలకే పోతోంది. పైగా అలా అంచనా వేసిన పనుల్లో చాలావాటిని అసలు మొదలుపెట్టనే లేదు. చేయాల్సిన పని పక్కన పెట్టి, ఎప్పటికి చేస్తామో చెప్పడంలోనే మనుషులు అలిసిపోయారు.

వాళ్లు ఏం చేశారంటే, అంచనాలు ఆపేశారు. డెవలపర్ల ముందు వరుసలో ఇన్ని పనులే ఉండాలని హద్దు గీశారు. ఒక పని పూర్తయి ఖాళీ ఏర్పడితేనే ఇంకోటి లోపలికి వస్తుంది. వారానికోసారి అమెరికాలో మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న రెడ్‌మండ్‌లోని మేనేజర్లతో ఫోన్. అందులో తేల్చాల్సింది ఒక్కటే: ఈ ఖాళీలో దేన్ని పెట్టమంటారు? అలా మొదలుపెట్టిన పని 25 రోజుల్లో ఇవ్వడం లక్ష్యం. టెస్టర్ల చేతిలో తీరిక ఉందని గమనించి టీమ్‌ను నలుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లుగా మార్చారు. తొమ్మిది నెలలు తిరిగేసరికి అదే టీమ్ విభాగంలో అందరికంటే ముందుంది. 2005 చివరికి పేరుకుపోయిన వరుస కరిగిపోయింది. మనుషులు పెరిగింది ఫలితం కనిపించాకే.

2005 వసంతంలో ఆండర్సన్ టోక్యో వెళ్లి, రాజప్రాసాదం తోటలో చిన్న ప్లాస్టిక్ చీటీలు ఇవ్వడం చూశారు. లోపలికి వెళ్లేటప్పుడు తీసుకోవాలి, బయటికొచ్చేటప్పుడు తిరిగిచ్చేయాలి. చీటీలు అయిపోతే, ఎవరో ఒకరు బయటికి వచ్చేదాకా ఆగాలి. తిరుమలలో టోకెన్ తీసుకున్నవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. టయోటా కర్మాగారాల్లో ఇంజనీర్ తాయిచీ ఓనో తెచ్చిన కాన్‌బాన్ కార్డుదీ ఇదే తీరు. హైదరాబాద్ టీమ్ అనుభవం తర్వాతే, పనికి ఇలా హద్దు గీసే పద్ధతికి సాఫ్ట్‌వేర్‌లో కాన్‌బాన్ అన్న మాట వ్యాపించింది.

స్ప్రింట్‌లతో పని నడిపే స్క్రమ్ అనే అజైల్ పద్ధతి వైపూ ఇదే గొడవ నడిచింది. స్ప్రింట్ మొదట్లో టీమ్ చెప్పిన మాటను 'కమిట్‌మెంట్' (ఇచ్చిన మాట) అనేవారు. అది పూర్తికాకపోతే దోషిగా నిలబెట్టడం మొదలైంది. 2011లో ఆ పద్ధతి నియమావళి అయిన స్క్రమ్ గైడ్ ఆ మాట తీసేసి 'ఫోర్‌కాస్ట్' (అంచనా) అని పెట్టింది. మన ఆఫీసుల్లో ఇప్పటికీ కమిట్‌మెంట్ అనే వినిపిస్తుంది. ఒక్కో పనికి ఎంత శ్రమ పడుతుందో కొలిచే స్టోరీ పాయింట్లు కూడా అంతే. ఎంత తీసుకోవాలో టీమ్ తనకు తాను చూసుకోవడానికి పుట్టిన లెక్క, టీమ్‌ల మధ్య పోటీ మార్కులుగా మారింది. వాటిని బహుశా తానే కనిపెట్టి ఉండొచ్చన్న రాన్ జెఫ్రీస్, అలా అయితే అందుకు విచారిస్తున్నానని 2019లో రాశారు. ఆయన క్రైస్లర్ ప్రాజెక్టులో కోచ్. ఆయనే అలా రాయాల్సి రావడం నన్ను నిజంగా బాధపెట్టింది.

మా టీమ్ విషయానికొస్తే, ఆ 19 లెక్క తేలిన వారంలో మా లీడ్ బోర్డు మీద కాలమ్ పైన '8' అని అంకె వేసింది. రెండు రోజులకే రాత్రి కాల్‌లో అటునుంచి ఇంకో అర్జెంటు పని వచ్చింది. తను కాదనలేదు. బోర్డు షేర్ చేసి, "తప్పకుండా చేద్దాం. ఈ ఎనిమిదిలో ఏది ఆపమంటారో చెప్పండి" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అటువైపు ఆయన ఒక్కో టికెట్టూ పేరుపేరునా చదవడం మొదలుపెట్టారు.