కాయిల్ మీది బూడిద రంగు మురికి కాదు: మఫుల్ ఫర్నేస్ అపోహలు, వాస్తవాలు

"సార్, ఫర్నేస్ మొన్ననే శుభ్రంగా క్లీన్ చేశాం, ఇవాళ వేడెక్కడం లేదు." ఈ నెలలో ఇది మూడో ఫోన్. వెళ్ళి తలుపు తీస్తే లోపల వేడినిచ్చే తీగచుట్ట, అంటే కాయిల్, రెండు ముక్కలై ఉంది, బల్ల మీద ఎమరీ పేపర్ ఉంది. మఫుల్ ఫర్నేస్‌లు, అంటే ల్యాబుల్లో శాంపిళ్ళను పెద్ద వేడిలో కాల్చే కరెంటు కొలుములు, రిపేరు చేసే నాకు ఈ అపోహ మీద ఉన్నంత కోపం మరి దేనిమీదా లేదు.

అపోహ: కాయిల్ మెరుపు పోయి బూడిద రంగుకు తిరిగితే తుప్పు పట్టినట్టే, గీకెయ్యాలి.

వాస్తవం: కాయిల్‌ని కాపాడుతున్నదే ఆ పొర. 1100, 1200 డిగ్రీల ఫర్నేస్‌లలో ఎక్కువగా ఉండేది కాంతాల్ రకం తీగ. అంటే ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపిన లోహం. గాలిలో కాలినప్పుడు అందులోని అల్యూమినియం పైకొచ్చి అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొర కడుతుంది. దాన్ని గీకిన ప్రతిసారీ తీగ తనలో మిగిలిన అల్యూమినియంతోనే మళ్ళీ పొర కట్టుకోవాలి. ఆ నిల్వ అయిపోతే ఇనుము కాలిపోవడం మొదలవుతుంది.

పైగా బాగా కాలిన తీగ చల్లారాక పెళుసుగా ఉంటుంది. చేత్తో సర్దబోతే పుటుక్కున విరుగుతుంది.

ఒక ల్యాబులో కాయిల్ విరగ్గొట్టిన పరిశోధక విద్యార్థిని ఏడుపు ఆపుకోలేకపోయింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, గీకమని సీనియర్లే చెప్పారు. విరిగిన కొసను టార్చి వెలుగులో చూపించాను. అంచున సన్నటి బూడిద పొర, మధ్యలో పంచదార పలుకుల్లా మెరుస్తున్న లోహపు గింజలు. వేడికి ఆ గింజలు పెద్దవై తీగ పెళుసెక్కుతుంది. కొత్త కాయిల్ వేసి, మాన్యువల్‌లో చెప్పినన్ని గంటలు ఖాళీగా కాల్చాం. మర్నాడు తలుపు తీసి మళ్ళీ బూడిద రంగు చూసి, "ఇది ఉండాల్సిందేనా సార్?" అని అడిగింది. ఉండాల్సిందేనమ్మా.

మరి శుభ్రం చేయాల్సింది ఏమిటి? అడుగున ఒలికినవి. సోడియం కార్బొనేట్ లాంటి ఫ్లక్సులు (శాంపిల్ సులువుగా కరగడానికి కలిపేవి), క్లోరైడ్ లవణాలు కాయిల్ మీది ఆ పొరను తినేస్తాయి. అందుకే శాంపిల్ పెట్టే మూస, అంటే క్రూసిబుల్ కింద పింగాణీ పలక పెట్టండి. నల్లటి మసి పట్టిందా? పొగగొట్టం తెరిచి, 600 డిగ్రీలు దాటించి ఖాళీగా కాల్చండి, మసి కాలిపోతుంది. బూడిద పరీక్షకు (కాలిస్తే ఎంత బూడిద మిగులుతుందో చూసేది) పెట్టే శాంపిల్‌ని ముందే పొగలు లాగేసే ఫ్యూమ్ హుడ్‌లో హాట్‌ప్లేట్ మీద మాడిస్తే అసలు ఇంత మసే రాదు.

అపోహ: దుమ్మును ఎయిర్ గన్‌తో ఊదేస్తే సరి. వద్దు. ఏళ్ళ తరబడి పెద్ద వేడిలో ఉన్న ఫర్నేస్ గోడల సిరామిక్ ఫైబర్‌లో క్రిస్టోబలైట్ అనే సిలికా ఏర్పడవచ్చు, అది ఊపిరితిత్తులకు చేటు. మాస్కు వేసుకుని, సన్నటి ధూళిని కూడా పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూమ్ క్లీనర్‌తో కాయిల్‌కు తగలకుండా తీయండి.

అపోహ: వేడిని అదుపు చేసే కంట్రోలర్ ఆపితే కాయిల్‌లో కరెంటు ఉండదు. ఉండొచ్చు! ప్లగ్గే పీకండి. ఫర్నేస్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టండి.

తడిగుడ్డ? ఫైబర్ నీళ్ళు పీల్చుకుంటుంది, వద్దు.

ఇక లోపలి గోడ మీద వెంట్రుకంత పగుళ్ళ ఫోటోలు నాకు రాత్రుళ్ళు కూడా వస్తుంటాయి. టెన్షన్ పడకండి, వేడికి సాగి ముడుచుకునే గోడకు అవి మామూలే. ముక్క ఊడినా, కాయిల్ గాడిలోంచి బయటికి జారినా మాత్రం స్విచ్ వేయకుండా ఫోన్ చేయండి.