మున్సిపల్ భవనంలో నిరాశ్రయుల షెల్టర్: అపోహలు - వాస్తవాలు

ఖాళీగా పడి ఉన్న మున్సిపల్ భవనాన్ని నిరాశ్రయుల షెల్టర్ కోసం ఒక స్వచ్ఛంద సంస్థకు అప్పగిస్తున్నారని తెలిస్తే చాలు, ఆ వార్డులో ప్రశ్నలు మొదలవుతాయి. ఎవరికి రాసిచ్చారు, ఎంతకిచ్చారు, ఎవరొచ్చి ఉంటారు అని. షెల్టర్లు నడపడం, వాటి ఒప్పందాలు రాయించడం నా రోజువారీ పని. ఈ ప్రశ్నలు అడిగేవాళ్లంటే నాకు కోపం లేదు. ప్రజల ఆస్తి గురించి ప్రజలు అడగాలి. కాకపోతే భవనం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు తేలికే. స్లాబు కారితే ఎవరు బాగుచేయించాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, సంస్థకు డబ్బు ఏ తేదీకి రావాలి అన్నవే అసలు ప్రశ్నలు. షెల్టర్ నిలబడేదీ మూతపడేదీ వాటి దగ్గరే.

అపోహ: భవనాన్ని ఎన్జీవోకి రాసిచ్చేశారు, ఇక అది తిరిగి రాదు.

రాసివ్వడం అంటూ ఏమీ జరగదు. సాధారణంగా రెండు దారులు ఉంటాయి. ఒకటి లీజు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 105వ సెక్షన్ ప్రకారం, ఆస్తిని కొంతకాలం అనుభవించే హక్కును ఇవ్వడం. ఏడాదికి మించిన లీజును 107వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ చేయించాల్సిందే. ఇళ్ల అద్దె అగ్రిమెంట్లు 11 నెలలకే రాసుకోవడం వెనక ఉన్న కారణం కూడా ఇదే. రెండోది లైసెన్స్. అదే ఏడాది వచ్చిన ఈజ్‌మెంట్స్ చట్టం (ఇతరుల ఆస్తిని వాడుకునే హక్కుల చట్టం) 52వ సెక్షన్ దీని గురించి చెబుతుంది. ఇందులో ఆ చోట ఫలానా పని చేసుకోవడానికి అనుమతి మాత్రమే ఉంటుంది, ఆస్తిలో ఏ హక్కూ రాదు. లీజైనా లైసెన్సైనా యాజమాన్యం మున్సిపాలిటీదే.

అయితే కాగితం మీద 'లైసెన్స్' అని హెడ్డింగ్ పెట్టినంత మాత్రాన అది లైసెన్స్ అయిపోదు. 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. పేరు ఏదైనా, ఇరుపక్షాల ఉద్దేశం ఏమిటి, ఆ చోటు పూర్తిగా ఎవరి స్వాధీనంలో ఉంది అన్నది చూడాలంది. ఇంకో మెలిక ఈజ్‌మెంట్స్ చట్టం 60వ సెక్షన్‌లో ఉంది. లైసెన్స్ తీసుకున్నవాళ్లు దాన్ని నమ్ముకుని సొంత ఖర్చుతో శాశ్వత నిర్మాణం చేస్తే, ఆ లైసెన్స్‌ను మామూలుగా రద్దు చేయడానికి కుదరదు. దాతలెవరో ముందుకొచ్చారని సంస్థ రెండు గదులు కట్టేస్తే ఆ తర్వాత ఇద్దరికీ తలనొప్పే. అందుకే 'రాతపూర్వక అనుమతి లేకుండా శాశ్వత నిర్మాణం చేయరాదు, చేసినదానిపై హక్కు కోరరాదు' అనే వాక్యం ఉండాలని మున్సిపాలిటీ కంటే ముందు నేనే అడుగుతాను.

వీటన్నిటికన్నా అక్కరకొచ్చేది అప్పగింత రోజు రాసే జాబితా. ఎన్ని ఫ్యాన్లు, వాటిలో తిరిగేవి ఎన్ని, ఎన్ని కుళాయిలు, మోటారు పనిచేస్తోందా, కరెంటు మీటరు రీడింగ్ ఎంత, గోడ మీద చెమ్మ ఎంతవరకు వచ్చింది. ప్రతి గదికీ ఫొటో, కింద ఇద్దరి సంతకాలు. మీ వార్డులో ఇలాంటి షెల్టర్ ఉంటే ఆ ఒప్పందం, జాబితా కాపీలను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగొచ్చు.

అపోహ: అద్దె నామమాత్రం. అంటే నగరానికి నష్టమే.

అద్దె ఒక్కటే చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ నిరాశ్రయులకు నీడ కల్పించడం సంస్థ సొంత వ్యాపారం కాదు, నగరం తలకెత్తుకోవాల్సిన పని. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద 2013లో షెల్టర్ల పథకానికి మార్గదర్శకాలు వచ్చాయి. లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడా, ఏడాది పొడవునా నడిచే శాశ్వత వసతి ఉండాలని అవి చెప్పాయి. వాడకంలో లేని ప్రభుత్వ భవనాలను బాగుచేసి వాడుకోవచ్చని కూడా చెప్పాయి. నగరం తాను చేయాల్సిన పనిని సంస్థ చేత చేయిస్తూ, ఆ సంస్థ దగ్గరే మార్కెట్ అద్దె వసూలు చేస్తే ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? తిండిలోంచో, కేర్‌టేకర్ జీతంలోంచో రావాలి.

నిజంగా చూడాల్సిన ఖర్చులు వేరే ఉన్నాయి. మీటరు కమర్షియల్ కేటగిరీలో ఉందా, మరో దాంట్లోనా? సెప్టిక్ ట్యాంకు నిండితే ఎవరు పిలిపించాలి? 'చిన్న రిపేర్లు సంస్థవి, పెద్దవి మున్సిపాలిటీవి' అని రాసి వదిలేస్తే అది గొడవకు పునాది. పైపు మార్చడం చిన్నదా పెద్దదా? ఇంత రూపాయల వరకు సంస్థ, అంతకు మించితే ఇంజినీరింగ్ విభాగం, ఇన్ని రోజుల్లో అని అంకెలతో రాయాలి. ఆ అంకె లేని చోట యాభై మంది ఒక్క మరుగుదొడ్డి ముందు వరస కడతారు, ఫైలు మాత్రం బల్ల మీదే ఉంటుంది.

అపోహ: ప్రభుత్వ నిధులతో ఎన్జీవోలు బాగుపడుతున్నాయి.

లెక్క చూద్దాం. 2013 నాటి ఆ మార్గదర్శకాల్లో 50 మంది ఉండే షెల్టర్ నిర్వహణకు ఏడాదికి 6 లక్షల రూపాయలు అని లెక్కగట్టారు. నెలకు 50 వేలు. ఒక మేనేజరు, ఎనిమిది గంటల షిఫ్టుకు ఒకరు చొప్పున కనీసం ముగ్గురు కేర్‌టేకర్లు ఉండాలని అవే మార్గదర్శకాలు చెప్పాయి. మొత్తం డబ్బు జీతాలకే పోసినా తలా 12,500. ఇక దుప్పట్లు ఉతికించడం, ఫినాయిలు, మందులు, తాగునీళ్లు, వారానికి ఒక సెలవు ఇస్తే ఆ షిఫ్టుకు మనిషి, వీటన్నిటికీ మిగిలేది సున్నా. ఆ డబ్బు కూడా విడతలుగా వస్తుంది. ముందు విడత ఖర్చుకు యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికి ఇచ్చారో దానికే ఖర్చయిందన్న ధ్రువీకరణ) ఇస్తేగానీ తర్వాతి విడత కదలదు. నెలలు ఆలస్యమైతే కేర్‌టేకర్ జీతం ఆగుతుంది. రాత్రి షిఫ్టు మనిషి మానేస్తాడు. రాత్రి మనిషి లేని షెల్టర్‌లో ఆడవాళ్లు ఉండరు.

డబ్బు దుర్వినియోగం చేసే సంస్థలు లేవని నేను అనను. అలాంటివాళ్లను పట్టుకోవడానికి ఆడిట్ ఉంది, ముందు చెప్పకుండా చేసే తనిఖీ ఉంది, నిరాశ్రయుల ప్రతినిధులు కూడా కూర్చునే నిర్వహణ కమిటీ ఉండాలన్న నియమం ఉంది. ఆ కమిటీ నిజంగా సమావేశమవుతోందా అని అడగండి. చాలా చోట్ల మినిట్స్ పుస్తకంలో సంతకాలే ఉంటాయి, మాటలు ఉండవు.

అపోహ: షెల్టర్ మంచిదే, కానీ ఊరి బయట కట్టండి.

హమాలీ తెల్లవారుజామున మార్కెట్లో ఉండాలి. కూలీ పొద్దున్నే అడ్డా మీద నిలబడాలి. ఆసుపత్రి వార్డులో భర్త ఉంటే భార్య మాటిమాటికీ వెళ్లి చూసుకోవాలి. వీళ్లు పదిహేను కిలోమీటర్ల అవతల పడుకుని ఆటోకి డబ్బు పెట్టగలిగితే అసలు ఫుట్‌పాత్ మీదికి ఎందుకొస్తారు? రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్లకు, వాళ్లు పనిచేసే చోట్లకు దగ్గరగా షెల్టర్ ఉండాలని మార్గదర్శకాలు చెప్పింది ఇందుకే. అలాంటి చోట స్థలం కొనడం ఏ సంస్థ వల్లా కాదు. అక్కడ ఖాళీ భవనం ఉండేది మున్సిపాలిటీకే. ఈ మొత్తం ఏర్పాటుకు మూలం అదే.

అపోహ: అక్కడ ఉండేది బిచ్చగాళ్లు, తాగుబోతులు.

పనిచేసుకునేవాళ్లే ఎక్కువగా వస్తారు. కేటరింగ్‌లో వడ్డించేవాళ్లు, తాపీ పని కూలీలు, చెత్త ఏరుకునేవాళ్లు, కొడుకులు వదిలేసిన ముసలివాళ్లు, దెబ్బలు భరించలేక బయటపడిన ఆడవాళ్లు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివాళ్లు 17.73 లక్షల మంది అని తేలింది. అందులో 9.38 లక్షల మంది పట్టణాల్లోనే. వాళ్లను లెక్కించింది ఒకే ఒక్క రాత్రి, 2011 ఫిబ్రవరి 28న. ఆ రాత్రి మెట్ల కింద, షాపు అరుగు వెనక పడుకున్నవాళ్లు ఎంతమంది లెక్కలోకి రాలేదో ఊహించుకోవచ్చు. తాగి వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లను ఏం చేయాలో నియమాలు ముందే రాసి గోడకు అంటిస్తాం. వాళ్లు రోడ్డు మీద ఉండటం కంటే కేర్‌టేకర్ కళ్ల ముందు ఉండటం కాలనీకీ మంచిదే.

అపోహ: సగం మంచాలు ఖాళీగా ఉన్నాయంటే అవసరం లేదని అర్థం.

ఈ మాట వింటే నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే దీని ఆధారంగానే షెల్టర్లు మూసేస్తారు. రిజిస్టర్‌లో రాత్రి 9 గంటల సంఖ్య చూసి తేల్చేస్తారు. పెళ్లిళ్ల సీజన్లో కేటరింగ్ పనికి వెళ్లినవాళ్లు ఒంటిగంట దాటాకగానీ రారు. 10కే గేటుకు తాళం వేస్తే వాళ్ల మంచం ఖాళీయే మరి. భార్యాభర్తలు, పిల్లలు కలిసి ఉండే వీలు లేకపోతే కుటుంబం కుటుంబమంతా రాదు. సామాను పెట్టుకునే లాకర్ లేకపోతే రిక్షా, మూటలు వదిలేసి ఎవరూ లోపలికి రారు, వాటి పక్కనే పడుకుంటారు. ఆధార్ లేనిదే రానివ్వం అనే కేర్‌టేకర్ ఒక్కడు చాలు, సగం షెల్టర్ ఖాళీ కావడానికి. నిజానికి గుర్తింపు కార్డు లేనివాళ్లకు దాన్ని ఇప్పించడం, పింఛను, రేషను, బ్యాంకు ఖాతా అందేలా చూడటం షెల్టర్ పనిలో భాగమే.

అపోహ: గడువు అయిపోతే సంస్థను ఖాళీ చేయించి తాళం వేస్తే సరిపోతుంది.

సంస్థ వెళ్లిపోతుంది. లోపల ఉన్నవాళ్లు ఎక్కడికి వెళ్తారు? వాళ్ల కార్డుల మీద ఆ షెల్టర్ చిరునామానే ఉంటుంది. పిల్లల బడి ఆ వీధిలోనే. ముసలాయన బీపీ మాత్రలు పక్కనున్న బస్తీ దవాఖానాలో తీసుకుంటాడు. అందుకే ఒప్పందంలో ముగింపు గురించి మొదట్లోనే రాయించాలి. కనీసం 90 రోజుల నోటీసు, గడువు తీరకముందే కొత్త సంస్థ ఎంపిక, రెండు సంస్థలూ కలిసి పనిచేసే ఒక నెల, రిజిస్టర్ల అప్పగింత, మంచాలు, పరుపులు ఎవరివన్న స్పష్టత, భవనాన్ని మరో పనికి తీసుకుంటే ముందుగా అదే ప్రాంతంలో ఇంకో చోటు. మున్సిపాలిటీ వైపు నుంచి ఎక్కువగా అభ్యంతరం వచ్చేది ఈ చివరి దాని మీదే. సంతకాలకు ముందు మేం ఎక్కువ రోజులు కూర్చుని మాట్లాడేది కూడా దాని గురించే.