ఖాళీ రో హౌస్‌లు, కళాకారుల ఇళ్లు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

అమెరికాలోని బాల్టిమోర్‌లో ఏళ్లుగా తాళం పడి ఉన్న రో హౌస్‌లను (గోడకు గోడ కలిపి వరుసగా కట్టిన ఇళ్లను) బాగుచేసి, తక్కువ ఆదాయమున్న కళాకారులకు అద్దెకిచ్చే ప్రాజెక్టుల్లో స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఈ పని గురించి ఎక్కువగా వినే మాటలివి.

అపోహ: ఇల్లు కారుచవక, కాబట్టి ప్రాజెక్టూ చవకే.

1970లలో ఈ నగరం పాడుబడ్డ ఇళ్లను ఒక్కో డాలరుకు అమ్మింది. ఆ డాలరే అందరికీ గుర్తుండిపోయింది. ఇంటిని బాగుచేసుకుని అందులోనే కాపురముండాలన్న షరతు గానీ, అందుకు చేసిన అప్పు గానీ ఎవరికీ గుర్తులేవు. అసలు ఖర్చంతా వాన నీటితో మొదలవుతుంది. ఈ ఇళ్ల కప్పు వెనక్కి వాలుగా ఉంటుంది. అక్కడి గట్టర్ మూసుకుపోతే నీళ్లు వెనక గదుల్లోకి దిగుతాయి. చెక్క దూలాల కొసలు పక్కింటితో కలిసిన ఉమ్మడి గోడలో కూర్చుని ఉంటాయి, ముందు కుళ్లేవి అవే. దూలాలు పోయాయంటే ఆ గోడలను పట్టి ఉంచేదేమీ మిగలదు. వీధి వైపు గోడ మాత్రం అప్పటికీ నిటారుగా, బుద్ధిగా నిలబడే ఉంటుంది! 2022 జనవరిలో స్ట్రికర్ వీధిలో మంటలంటుకున్న ఒక ఖాళీ రో హౌస్ కూలి ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు.

ఇవన్నీ బాగుచేశాక ఆ ఇంటికి మార్కెట్లో పలికే ధర, పెట్టిన ఖర్చు కన్నా తక్కువగా ఉండే వాడలు చాలా ఉన్నాయి. ఆ తేడాను పన్ను రాయితీలు, గ్రాంట్లు పూడ్చకపోతే లెక్క కుదరదు.

అపోహ: పాత ఇటుకకు సిమెంటు పెడితే గట్టిపడుతుంది.

సిమెంటు పెడితే చెడుతుంది. మన దగ్గర గానుగ సున్నంతో కట్టిన గోడల్లాగే ఇవీ చెమ్మను ఇటుకల మధ్య సందుల్లోంచి వదులుతాయి. అక్కడ గట్టి సిమెంటు నింపితే చెమ్మ ఇటుకలోనే చిక్కుకుని, చలికాలంలో గడ్డకట్టి, ఇటుక ముఖం పెచ్చులుగా ఊడుతుంది. మళ్లీ సున్నమే వాడాలి.

అపోహ: కళాకారులకే ప్రాధాన్యమివ్వడం చట్టవిరుద్ధం.

తక్కువ ఆదాయమున్నవాళ్లకు అద్దె ఇళ్లు సిద్ధం చేసేవాళ్లకిచ్చే పన్ను రాయితీ చట్టానికి 2008లో చేసిన సవరణ దీన్ని స్పష్టంగా అనుమతించింది. జాతి, మతం లాంటి వివక్ష మాత్రం ఇక్కడా చట్టవిరుద్ధమే. ఈ ఇళ్లలో అద్దెకుండాలంటే కుటుంబ ఆదాయం సాధారణంగా ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 60 శాతం దాటకూడదు. ఈ నెల పెయింటింగ్ అమ్ముడై, వచ్చే మూడు నెలలు పైసా రాని మనిషి ఆదాయాన్ని కాగితం మీద చూపించడం పెద్ద టెన్షన్. పన్ను రిటర్నులు భద్రంగా ఉంచుకోండి. ఇంకో మెలిక, ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే, కొన్ని మినహాయింపులు తప్ప, అర్హత ఉండదు. పక్కనే ఆర్ట్ కాలేజీ ఉన్నా అంతే.

అపోహ: పెద్ద కిటికీ ఉంటే చాలు, స్టూడియో అయిపోతుంది.

డ్రమ్స్ వాయించేవాళ్ల పక్కింట్లో ఓ రాత్రి పడుకుని చూడండి. పెయింటింగ్ ద్రావకాల వాసన బయటికి పోయే ఏర్పాటూ కావాలి.

అపోహ: కళాకారులొచ్చి వాడ బాగుపడగానే అద్దె పెరిగి వాళ్లే ఖాళీ చేయాలి.

మామూలు అద్దె ఇళ్లలో ఈ భయం నిజమే. పన్ను రాయితీ తీసుకున్న ఇళ్లలో మాత్రం అద్దె పరిమితి సాధారణంగా కనీసం 30 ఏళ్లు ఉంటుంది, అది ఆస్తి దస్తావేజులకే ఎక్కుతుంది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు కిటికీలతో పాటు ఆ గడువు ఏ సంవత్సరంలో తీరుతుందో కూడా అడగండి.