ఐన్‌స్టీన్‌ని దిద్దిన పది పేజీలు

"జర్నల్‌కి పేపర్ పంపితే రిఫరీలు నిజంగా చదువుతారా, పేరు చూసి వదిలేస్తారా?" అని ఒక పాఠకురాలు అడిగారు. రిఫరీ అంటే జర్నల్‌కి వచ్చిన పరిశోధన పేపర్‌ని అచ్చుకి ముందు పరిశీలించే నిపుణుడు. పేపర్ ఎవరికి వెళ్తుంది, ఎన్నాళ్లు పడుతుంది లాంటివి ఏ జర్నల్ వెబ్‌సైట్ చూసినా తెలుస్తాయి. రిఫరీ పని ఎలా ఉండాలో తెలియాలంటే మాత్రం 1936లో జరిగింది చెప్పాలి.

ఆ ఏడాది ఐన్‌స్టీన్, ఆయన సహాయకుడు నేథన్ రోజెన్ కలిసి అమెరికాలోని 'ఫిజికల్ రివ్యూ' అనే భౌతికశాస్త్ర జర్నల్‌కి ఒక పేపర్ పంపారు. గురుత్వ తరంగాలు, అంటే బరువైన వస్తువుల కదలికతో స్థలకాలంలో పుట్టే అలలు, లేనే లేవని అందులో తేల్చారు. 1916లో ఆ తరంగాల సంగతి చెప్పింది ఐన్‌స్టీనే! ఎడిటర్ జాన్ టేట్ దాన్ని నేరుగా అచ్చుకి ఇవ్వకుండా ఒక రిఫరీకి పంపాడు. పది పేజీల విమర్శ తిరిగొచ్చింది.

తప్పు ఎక్కడుందంటే, సమతల తరంగం (చదునుగా సాగే అల) కోసం సమీకరణాలు సాధిస్తే ఒకచోట సింగ్యులారిటీ వచ్చింది. అంటే లెక్క అక్కడ చెల్లదు. కాబట్టి అలాంటి తరంగమే ఉండదన్నారు. ఒక్కసారి గ్లోబు చూడండి. రేఖాంశాలన్నీ ఉత్తర ధ్రువం దగ్గర ఒకే చుక్కలో కలుస్తాయి. సరిగ్గా ఆ చుక్క మీద నిలబడితే మన రేఖాంశం ఎంత? సున్నా అన్నా చెల్లుతుంది, 82 అన్నా చెల్లుతుంది. సున్నా రేఖాంశం మీద నడుస్తూ ధ్రువం దాటితే, ఒక్క అడుగులో 180కి వెళ్లిపోతాం. అంతమాత్రాన అక్కడ భూమికి చిల్లు పడలేదు. చిక్కంతా మనం గీసుకున్న గీతల్లో ఉంది. ఆ గీతలన్నీ హైదరాబాద్‌లో కలిసేలా గీస్తే ఉత్తర ధ్రువం మామూలు చోటైపోతుంది, చిక్కు హైదరాబాద్‌కి వస్తుంది!

రిఫరీ పట్టుకున్నది ఇలాంటిదే. మెట్రిక్‌ని (స్థలకాలంలో దూరాలు కొలిచే సూత్రాన్ని) స్థూపాకార నిరూపకాల్లోకి, అంటే ఒక అక్షం చుట్టూ గీసుకున్న గీతల్లోకి మారిస్తే సింగ్యులారిటీ మధ్య అక్షం మీదికి చేరుతుంది. తరంగాలను పుట్టించే పదార్థం ఉండాల్సింది అక్కడే, కాబట్టి అభ్యంతరం లేదు. 'తప్పు' అని ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా లెక్క మళ్లీ చేసి చూపించాడు. రివ్యూ అంటే అదీ! పెద్దవాళ్లు చెప్పిందాన్ని ప్రశ్నించకూడదన్న మూఢనమ్మకం మన క్లాసుల్లో ఇప్పటికీ ఉంది కాబట్టే ఈ కథ పిల్లలకు చెప్పాలంటాను.

ఐన్‌స్టీన్‌కి కోపం వచ్చింది. అచ్చు కాకముందే నిపుణులకు చూపించడానికి మేం అనుమతి ఇవ్వలేదంటూ జులై 27న ఉత్తరం రాసి పేపర్ వెనక్కి తీసుకున్నాడు. కొన్ని నెలలకు ప్రిన్స్‌టన్‌లో హోవర్డ్ రాబర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త, ఐన్‌స్టీన్ సహాయకుడు ఇన్‌ఫెల్డ్‌తో మాటల్లో అదే పొరపాటు చూపించాడు. ఇన్‌ఫెల్డ్ వెళ్లి చెబితే, తన రుజువులో తప్పుందని ముందురోజు రాత్రే తనకూ తెలిసిందన్నాడు ఐన్‌స్టీన్.

పేపర్ 1937లో ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ జర్నల్‌లో వచ్చింది. ఈసారి తరంగాలు లేవన్న మాట పోయి అందులో స్థూపాకార తరంగాలున్నాయి, తప్పు తేల్చడంలో సాయపడ్డ రాబర్ట్‌సన్‌కి కృతజ్ఞతలూ ఉన్నాయి. పది పేజీలు రాసిన రిఫరీ కూడా ఆయనేనని ఫిజికల్ రివ్యూ పాత లాగ్‌బుక్ ఆధారంగా 2005లో భౌతికశాస్త్రవేత్త డేనియల్ కెన్నెఫిక్ బయటపెట్టారు.