పీట్ మాస్ అపోహలు - వాస్తవాలు: నీళ్లు పోయడం వేరు, నీరు పట్టడం వేరు

ఆమదాలవలస నుంచి బొబ్బిలి దాకా, రోహిణి ఎండలు మొదలైతే నర్సరీవాళ్ల నోట ఒకటే మాట: "రెండు పూటలా తడుపుతున్నామండి, అయినా మొక్క వాడిపోతోంది." ఈ కుండీల్లో మట్టికి బదులు నింపేది పీట్ మాస్, అంటే స్ఫాగ్నమ్ అనే నాచు చచ్చి పేరుకున్న పొట్టు. కుండీ అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి కాబట్టి తడి సరిపోయిందనుకుంటారు. వేరుకుళ్లేమోనని భయపడి మందు కూడా పోస్తారు. ఒక్కసారి మొక్కను ముద్దతో సహా పైకి లాగి, ఆ ముద్దను నిలువునా కోసి చూడండి. పైన అంగుళం తడి, లోపల లేత గోధుమరంగులో పొడి పొట్టు కనిపిస్తుంది.

అపోహ: పీట్ మాస్ స్పాంజి లాంటిది, ఎంత ఎండినా నీళ్లు పోస్తే పీల్చేస్తుంది.

డబ్బు, మొక్క రెండూ పోయేది ఈ నమ్మకం వల్లే. స్ఫాగ్నమ్ నాచుకు వేర్లుండవు. ఆకులో సన్నని పచ్చ కణాల మధ్య చిల్లులున్న పెద్ద ఖాళీ కణాలుంటాయి, నీరు నిలిచేది వాటిలో, కొమ్మల సందుల్లో. కెనడాలోనో, ఐర్లండ్‌లోనో వాన నీటితో నిండే పీట్ నేలల్లో (ఈ నాచు పేరుకుని ఏర్పడ్డ చిత్తడి నేలల్లో) నీటిమట్టం పైపైనే ఉన్నంతకాలం, ఆ సందుల వెంట నీరు పైకి పాకుతూ నాచు తలల్ని తడుపుతుంది. మట్టం బాగా దిగితే ఆ ధార తెగుతుంది. ఖాళీ కణాల్లో గాలి చేరి నాచు తెల్లబడుతుంది. తెల్లబడిందంటే చచ్చిందని కాదు, తల మొగ్గ బతికుంటే మళ్లీ పచ్చబడుతుంది. అయితే ఒక్క జల్లుకు కోలుకోదు, రోజుల తరబడి తడి అందాలి. పదే పదే ఎండితే మొగ్గే పోతుంది.

మనం బస్తాల్లో కొనే పీట్ మాస్ ఆ నాచే, చచ్చి, సగం కుళ్లి, వందల ఏళ్లు పేరుకున్నది. అది బాగా ఎండితే రేణువుల మీది మైనం లాంటి పదార్థాలు నీటిని తోసేస్తాయి. ముద్ద కుంచించుకుని కుండీ గోడను వదిలేస్తుంది. మీరు పోసిన నీరు ఆ సందులోంచి నేరుగా కిందికి దిగిపోతుంది. మీ తడపడంలో లోపం లేదు, నీరు వెళ్లే దారి మారింది.

పరీక్ష తేలిక. పై పొర గీకి ఒక నీటి చుక్క వేయండి. 5 సెకన్లు దాటినా ముత్యంలా నిలబడితే ఆ పీట్ నీటిని తోసేస్తోందన్నమాట. అప్పుడు పైనుంచి పోయడం ఆపండి. కుండీని టబ్బులో పెట్టి, కుండీ ఎత్తులో ముప్పాతిక వరకు గోరువెచ్చని నీళ్లు నింపండి. బుడగలు ఆగేదాకా, అంటే సుమారు అరగంట నానబెట్టి, తీసి నీరు ఓడ్చండి. బరువు చేతికి తెలియాలి, తేలిగ్గానే ఉంటే మరోసారి ముంచండి. నారు ట్రేలకూ ఇదే పద్ధతి, కాకపోతే ట్రేను నీటి మీద తేలనివ్వాలి, అదిమితే గింజలు లేచిపోతాయి. కొత్త బస్తా పీట్‌ను ట్రేల్లో నింపే ముందు రోజే నీళ్లు చల్లి, చేత్తో కలిపి, గోనె కప్పి ఉంచండి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, పై పొర రంగు పాలిపోతుండగానే తడపడం. పూర్తిగా ఎండాక తడపడానికి పదింతల శ్రమ.

అపోహ: నాచుకు నీరెక్కువైతే నష్టం లేదు.

ఉంది. నీటిలో కార్బన్ డయాక్సైడ్ పాకే వేగం గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు తక్కువ. ఆకు చుట్టూ నీటి పొర మందమైతే ఆ వాయువు సరిగా అందక, బతికున్న నాచుకూ ఆహారం తగ్గుతుంది. అందుకే పీట్ నేలల్లో రకాలు తావులు పంచుకున్నాయి: గుంటల్లో స్ఫాగ్నమ్ కస్పిడేటమ్ పొడవుగా సాగి నీటిలో తేలుతుంది, దిబ్బల మీద స్ఫాగ్నమ్ ఫస్కమ్ ఒత్తుగా అల్లుకుని తడిని పట్టి ఉంచుకుంటుంది. ఆర్కిడ్ వేర్లకు చుట్టే నాచును నానబెట్టి, చుక్క కారనంతగా పిండి, వదులుగా పెట్టండి. నొక్కితే తిరిగి పైకి లేవాలి.

అపోహ: నీటిని తోడేసినా పీట్ నేల అలాగే ఉంటుంది.

ఇంగ్లండ్‌లోని హోమ్ ఫెన్ అనే పీట్ నేలలో 1851లో ఇనుప స్తంభాన్ని దాని తల నేలకు సమంగా ఉండేలా పాతారు. నీటిని తోడేశాక పీట్ కుంచించుకుని, గాలి తగిలి కుళ్లి, నేల దిగిపోయింది. ఇప్పుడు ఆ స్తంభం దాదాపు 4 మీటర్లు బయటికి నిలబడి ఉంది. పీట్ పేరుకునేది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరే.

అపోహ: సోంపేట బీలలో (చిత్తడి నేలల్లో) తడి ఉంది కదా, ఈ నాచు పెరుగుతుంది.

పెరగదు. దానికి చల్లదనం కావాలి, పులుపు (ఆమ్ల) గుణమున్న నేల కావాలి, పోషకాలు లేని వాన నీరు కావాలి. మన బోరు నీటిలోని సున్నం దాన్ని చంపేస్తుంది. కుండీలో పెంచాలనుకునేవాళ్లు వాన నీరు పట్టి దాచుకోవాలి, లేదా ఆర్‌ఓ నీరు వాడాలి. పళ్లెంలో నీటిమట్టం నాచు తలలకు నాలుగైదు సెంటీమీటర్ల కింద ఉండేలా చూడండి. ఎండాకాలంలో ఉదయం, సాయంత్రం పళ్లెం చూసుకోవాల్సిందే.