నిమిషానికో చుక్క

బైకు చైన్ టకటకమని కొట్టుకుంటుంటే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తాం. ఆయన చైన్‌ను వేలితో రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి, "సాగిపోయింది సార్, సెట్ మొత్తం మార్చాలి" అంటాడు. నిజానికి ఉక్కు రబ్బరులా సాగదు, అరుగుతుంది. చైన్ కీళ్ళలో పిన్ను ఉంటుంది, దాని మీద బుష్ అనే చిన్న గొట్టం, ఆ గొట్టం మీద తిరిగే రోలర్. హాన్స్ రెనాల్డ్ అనే స్విస్ ఇంజనీరు మాంచెస్టర్‌లో స్థిరపడి 1880లో పేటెంట్ తీసుకున్న నిర్మాణమే ఇది. ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది. పిన్నూ బుష్షూ ఒరుసుకుని అరిగితే ప్రతి కీలు దగ్గరా కాస్త ఖాళీ పెరుగుతుంది. 118 లింకుల 428 సైజు చైన్ పొడవు సుమారు 1,500 మిల్లీమీటర్లు. ఒక్కో లింకు దగ్గర 0.13 మిల్లీమీటరు, అంటే దాదాపు రెండు వెంట్రుకల మందం అరిగితే చాలు, మొత్తం మీద చైన్ 15 మిల్లీమీటర్లు పొడవైపోతుంది. ఈ అరుగుదలను తగ్గించడానికి, బండి నడుస్తుండగానే చైన్‌కు చుక్కచుక్కగా నూనె అందించే పరికరం గురించే ఈ కబురు.

ఈ అరుగుదల ఎక్కడి నుంచి వస్తుందో నా బండి మీద లెక్క వేసి చూశాను. ముందు స్ప్రాకెట్‌కు (చైన్ తిరిగే పళ్ళ చక్రానికి) 14 పళ్ళు, వెనకదానికి 43, టైరు చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు. కిలోమీటరుకు చైన్ 190 చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులో ఒక్కో లింకు స్ప్రాకెట్ ఎక్కేటప్పుడు ఒకసారి వంగుతుంది, దిగేటప్పుడు మళ్ళీ నిటారు అవుతుంది. స్ప్రాకెట్లు రెండు కాబట్టి మొత్తం నాలుగు కదలికలు. హైదరాబాద్ నుంచి విజయవాడ చేరేసరికి ఒక్కో కీలు రెండు లక్షల సార్లు ఆడుతుంది. అదీ ఎప్పుడో పోయిన ఆదివారం పూసిన నూనెతో!

ఎడ్లబండి తోలిన మన పెద్దలు ఇరుసు విషయంలో ఇంత నిర్లక్ష్యంగా ఉండేవారు కాదు. ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన దగ్గర పెట్టుకునే బయలుదేరేవారు.

ఓ-రింగ్ చైన్‌కు నూనె ఎందుకని కొందరు అడుగుతారు. పిన్నుకూ బుష్‌కూ మధ్య గ్రీజు నింపి, బయటికి పోకుండా రబ్బరు రింగులతో బిగించిన మాట నిజమే. కానీ రోలర్‌కూ బుష్‌కూ మధ్య ఖాళీ ఆ రింగుల పరిధిలోకి రాదు. రోలర్ స్ప్రాకెట్ పన్ను మీద కూర్చునే చోటు కూడా బయటే ఉంది. పైగా రింగులు ఎండితే పగులుతాయి. ఇక మన 100 సీసీ బళ్ళలో చాలావాటికి ఆ రింగులూ ఉండవు, మూసిన చైన్ కవరే దిక్కు. పాత యెజ్డీ బళ్ళకు చైన్ మొత్తాన్ని కప్పేసే రేకు తొడుగు ఉండేది. దుమ్ము చొరబడని చైన్ ఎంత కాలం మన్నుతుందో ఆ బండి నడిపినవాళ్ళను అడగండి.

చైన్‌కు నూనె దానంతటదే అందాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. నార్టన్ కమాండో అనే బ్రిటిష్ బైకులో ఆయిల్ ట్యాంకు నుంచి వెనక చైన్‌కు సన్నని గొట్టం దించారు. 1969లో వచ్చిన హోండా సీబీ750 తొలి మోడల్‌లో ముందు స్ప్రాకెట్ ఇరుసు గుండానే ఇంజిన్ నూనె చైన్ మీదికి కారేది. చైన్‌తో నడిచే బళ్ళన్నిటికీ ఇదే బాధ మరి. 1980లలో స్కాట్లాండ్‌లో పుట్టిన స్కాటాయిలర్ మాత్రం ఏ బండికైనా విడిగా తగిలించుకునే పరికరం. అది ఇంజిన్ లోపలికి గాలి పీల్చుకునే గొట్టంలో ఏర్పడే శూన్యాన్ని వాడుకుంటుంది. ఇంజిన్ స్టార్ట్ కాగానే ఆ శూన్యం చిన్న వాల్వును పైకి లాగుతుంది, నూనె తన బరువుతో తానే కిందికి జారుతుంది. ఇంజిన్ ఆపితే స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. కరెంటు అక్కర్లేదు. ఒకే ఇబ్బంది, సిగ్నల్ దగ్గర బండి కదలకపోయినా చుక్క పడుతూనే ఉంటుంది. తరవాత వచ్చిన ఎలక్ట్రానిక్ రకాలు కదలికను గుర్తించి, బండి నడుస్తున్నప్పుడే నూనె వదులుతాయి.

నాకు బాగా నచ్చింది చుక్క పడే చోటు వెనక ఉన్న లెక్క. నూనెను చైన్ మీద పోయరు, వెనక స్ప్రాకెట్ పక్క ముఖానికి, అడుగు వైపున, గొట్టం కొన తాకీ తాకనట్టు పెడతారు. 60 కిలోమీటర్ల వేగంలో ఆ స్ప్రాకెట్ అంచున పుట్టే అపకేంద్ర బలం గురుత్వాకర్షణకు దాదాపు 27 రెట్లు. పక్క ముఖం మీద పడిన చుక్క పలచని పొరలా పరుచుకుంటూ పళ్ళ వైపు పాకి, సరిగ్గా రోలర్ల మీదికి చేరుతుంది. ముందు స్ప్రాకెట్ చిన్నదే అయినా మూడు రెట్లు వేగంగా తిరుగుతుంది కాబట్టి అక్కడ ఆ బలం 80 రెట్లు. స్ప్రే డబ్బాతో దండిగా కొట్టిన నూనె జీన్స్ ప్యాంటు మీదికీ చక్రం రిమ్ము మీదికీ ఎలా వచ్చిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. జిగట గ్రీజు ఎగిరిపోదు కానీ దుమ్మును పట్టుకుని గరుకు ముద్దగా మారుతుంది. పలచని నూనె నిదానంగా జారిపోతూ దుమ్మును కూడా తనతో తీసుకెళ్తుంది. నా ఓటు దీనికే.

కొనడానికి ముందు నేను సొంతంగా ఒకటి తయారు చేశాను, మందుల షాపులో దొరికే సెలైన్ సెట్‌తో. మామూలు సెట్‌లో 20 చుక్కల నీళ్ళు ఒక మిల్లీలీటరు. నూనెకు తలతన్యత నీటి కంటే చాలా తక్కువ, అందుకే చుక్క చిన్నది. మిల్లీలీటరుకు 40 దాకా వస్తాయి. నిమిషానికి ఒక చుక్క, గంటకు 60 కిలోమీటర్లు అనుకుంటే 500 కిలోమీటర్లకు సుమారు 12.5 మిల్లీలీటర్లు చాలు. రెండున్నర టీస్పూన్లు, అంతే.

లెక్క బాగానే ఉంది, ఎండే బాగాలేదు. ఉదయం 20 డిగ్రీల దగ్గర నిమిషానికో చుక్క అని సరిచేసిన సెలైన్ సెట్ క్లాంపు చక్రం, మధ్యాహ్నం 40 డిగ్రీలకు రెండు మూడు చుక్కలు వదిలింది. వేడికి నూనె పలచబడడం అంత ఎక్కువ. వేడి ప్రాంతాల కోసం తయారీదారులు చిక్కటి నూనె విడిగా అమ్మేది ఇందుకే. పైగా ఒక రాత్రి క్లాంపు మూయడం మరచాను. పొద్దున్నే పార్కింగులో నల్లటి మడుగు, దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ వాచ్‌మన్. నాలుగు నెలలకు ఆ గొట్టం కూడా పుల్లలా బిరుసెక్కింది. ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే పదార్థాన్ని నూనె పీల్చేసుకుంటుంది.

ఆ తరవాతే అసలు పరికరం బిగించుకున్నాను. కార్బురేటర్ బండి కాబట్టి శూన్యం తీసుకునే చోటు సులువుగా దొరికింది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బళ్ళలో అదే గొట్టం మీద ఒత్తిడి కొలిచే సెన్సార్ ఉంటుంది. అతుకు దగ్గర గాలి లీకైతే ఐడిలింగ్ చెడుతుంది, వారంటీ గొడవా రావచ్చు. అలాంటి బండికి ఎలక్ట్రానిక్ రకమే మేలు. గొట్టాన్ని స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం) వెంట కేబుల్ టైలతో కట్టేటప్పుడు చక్రం వెనక్కి జరపడానికి తగినంత వదులు ఉంచాలి, లేకపోతే చైన్ టెన్షన్ సరిచేసిన రోజే కొన ఊడి స్ప్రాకెట్‌లో పడుతుంది. చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. స్టాండు వేసి, గేరులో ఇంజిన్ నడిపిస్తూ గుడ్డతో చైన్ తుడవడం మాత్రం వద్దు, ఆ పనిలో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

మొదటి వారం రోజూ సాయంత్రం టైరు పక్క ముఖం చూశాను. అక్కడ నూనె మెరుపు కనిపిస్తే పరికరం మీద నూనె వేగాన్ని ఒక గీత తగ్గించడం, రోలర్లు పొడిగా తెల్లగా కనిపిస్తే ఒక గీత పెంచడం. ఐదో రోజుకు కుదిరింది. వానాకాలం మొదలయ్యాక మళ్ళీ ఒక గీత పెంచాను.